ప్రోటీన్ సంగతి సరే, ట్యూబు ఎండలో ఎంతసేపుంది?

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో నాలుగడుగులు వేస్తే చాలు, మహిళల హెల్త్ ప్యాకేజీ ఫ్లెక్సీ ఒకటి కంటపడుతుంది. థైరాయిడ్, విటమిన్ డి, షుగరు, చాలాసార్లు వాటి చివర సీఏ-125. అండాశయ క్యాన్సర్‌ని ముందే పసిగట్టే పరీక్ష అని పక్కన చిన్నక్షరాలు. ఆ ఒక్క గీత కొట్టేస్తే ప్యాకేజీ కొన్నవాళ్లకు డబ్బుతో పాటు నిద్ర కూడా మిగులుతుంది.

లెక్క చూడండి. యాభై దాటిన ఆడవాళ్లలో 2,500 మందికి ఒకరికి ఈ క్యాన్సర్ ఉంటుందన్నది పాశ్చాత్య పరిశోధకులు లెక్కలకు వాడే అంకె. మన దగ్గర ఇంకా తక్కువే, అయినా అదే తీసుకుందాం. 10,000 మందికి పరీక్ష చేస్తే జబ్బున్నవాళ్లు నలుగురు. సీఏ-125 వాళ్లలో ముగ్గురిని పట్టిందనుకుందాం. జబ్బు లేనివాళ్లలో నూటికి 98 మందిని సరిగ్గా వదిలేస్తుందని ఉదారంగా ఒప్పుకున్నా, మిగతా 200 మంది చేతికి ఎర్రగీత రిపోర్టు వస్తుంది. ముగ్గురి కోసం రెండొందల మంది స్కానింగులు, సీటీలు, ఆపైన కొందరికి కడుపు కోతలు. బ్రిటన్‌లో 2,02,638 మంది ఆడవాళ్ల మీద దీన్ని ఏళ్ల తరబడి పరీక్షించారు. 2021లో తుది ఫలితం వచ్చింది. ఏటా రక్తపరీక్ష చేయించుకున్నవాళ్లలోనూ ఈ క్యాన్సర్‌తో చావులు తగ్గలేదు.

సీఏ-125 చెడ్డ ప్రోటీనేం కాదు. 1981లో రాబర్ట్ బాస్ట్ బృందం తయారుచేసిన యాంటీబాడీ పట్టుకునే ఈ పెద్ద అణువు కడుపు లోపలి పొరల మీద, గర్భసంచి పొర మీద, ఊపిరితిత్తుల పొర మీద మామూలుగానే ఉంటుంది. ఆ పొరలకు ఎక్కడ ఇబ్బంది కలిగినా రక్తంలోకి దిగుతుంది. నెలసరి రోజుల్లో పెరుగుతుంది. గర్భం మొదటి నెలల్లో పెరుగుతుంది. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం), ఫైబ్రాయిడ్లు, లివర్ చెడి పొట్టలో నీరు చేరడం, అన్నిట్లోనూ మామూలు హద్దుగా పెట్టుకున్న 35 యూనిట్ల గీత దాటుతుంది. మనకు ముఖ్యమైనది కడుపులో టీబీ. పొట్టలో నీరు, స్కాన్‌లో ముద్దలు, సీఏ-125 ఐదారొందలు, కొందరికి వెయ్యి పైన. కాగితం మీద అచ్చం ముదిరిన క్యాన్సరే. అలాంటి చోట ఆ నీటిలో ఏడీఏ అనే ఎంజైమ్ చూస్తే (అదీ ప్రోటీనే, పరీక్ష చవక) 40 యూనిట్ల దగ్గర్లోనో పైనో ఉందంటే ముందు టీబీని అనుమానించి బయాప్సీకి వెళ్లాలి. క్యాన్సర్ ఖాయమైనవాళ్లకు మందు పనిచేస్తోందా, జబ్బు తిరగబెడుతోందా అని చూడటానికి మాత్రం సీఏ-125 మంచి తోడు. ఒకే ప్రోటీన్, ఒకే కిట్. ఎవరికి, ఏ ప్రశ్నకు వాడుతున్నామన్నదాన్ని బట్టి పనిముట్టో పీడో అవుతుంది.

అందుకే ఆడవాళ్ల జబ్బులకు కొత్త ప్రోటీన్ దొరికిందన్న వార్త వచ్చినప్పుడల్లా నేను పెద్దగా ఊగిపోను. ప్రోటీన్లు కుప్పలుతెప్పలుగా దొరికాయి. దొరికినవాటిలో ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాలిపోయినవాటిలో చాలావాటిని ముంచింది శాంపిలే.

2002 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసం దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే పసుపు ద్రవం) చుక్కను చిప్ మీద వేసి, లేజరుతో కొట్టి, ఎగిరిన ప్రోటీన్ ముక్కల బరువుల వరుసను కంప్యూటర్‌కి చూపించారు. ఆ ముక్కలు ఏ ప్రోటీన్‌వో తెలియనక్కర్లేదు, వరుస ఆకారం చాలు అన్నారు. క్యాన్సరున్న 50 మందిలో 50 మందినీ పట్టింది. లేని 66 మందిలో 63 మందిని వదిలేసింది. ప్రపంచం చప్పట్లు కొట్టింది. 2004లో అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి గణాంక నిపుణులు ఆ డేటా తిరగేసి, రెండు గుంపుల మధ్య తేడా యంత్రపు రొద తప్ప ప్రోటీనే లేని చోట కూడా కనిపిస్తోందని చూపించారు. శాంపిళ్లను నడిపిన తీరులోనే తేడా దూరిందన్నమాట.

ఇది గుంటూరువాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. తేజ రకం మిర్చి టిక్కీలన్నీ (బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో, బ్యాడిగి టిక్కీలన్నీ బయట షెడ్డులో పెట్టి, ఒక యంత్రానికి రెండు రకాలూ వేరుచేయడం నేర్పామనుకోండి. యంత్రం తేమ చూసి నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది, మిరపకాయ రకం దానికి ఒక్క ముక్క తెలియకుండానే. రోగుల రక్తం ఆపరేషన్ బల్ల మీద తీసి, ఆరోగ్యవంతుల రక్తం హెల్త్ క్యాంపులో తీస్తే జరిగేది ఇదే. 2008లో అమెరికాలో ఆరు ప్రోటీన్లతో ఒక అండాశయ క్యాన్సర్ పరీక్ష అమ్మకానికి వచ్చి, నియంత్రణ సంస్థ హెచ్చరిక ఉత్తరం రాశాక ఆ అక్టోబరులోనే ఆగిపోయింది. ఆ ఆరింటిలో ఒకటి ప్రోలాక్టిన్. భయపడినా, మత్తు ఇచ్చినా, సూది గుచ్చినా పెరిగే హార్మోన్ అది. ఆపరేషన్ రోజున రక్తం తీస్తే ఎవరికైనా పెరిగే ఉంటుంది.

కనుక ఇక్కడ ఎవరైనా మార్కర్ (జబ్బును పట్టించే ప్రోటీన్) వెతికే పని మొదలుపెడితే మొదటి నియమం ఒకటే. ఇంకా ఏ జబ్బో తేలకముందే, ఒకే ఓపీలో, ఒకే రకం ట్యూబులో, ఒకే చేతితో రక్తం తీయాలి. పరీక్ష ప్లేటు మీద రోగుల శాంపిళ్లనూ మామూలు వాళ్ల శాంపిళ్లనూ చీట్లు వేసినట్టు కలిపి పెట్టాలి. సోమవారం రోగులు, మంగళవారం ఆరోగ్యవంతులు అని నడిపారంటే దొరికేది మంగళవారం మార్కరే.

ఇంత చిన్న తేడా ఎందుకు ముంచుతుందంటే, రక్తం ప్రోటీన్ల విషయంలో మహా అసమానమైన ఊరు. మిల్లీలీటరు సీరంలో ఆల్బుమిన్ సుమారు 40 మిల్లీగ్రాములు. గర్భిణుల్లో కొలిచే పీఎల్‌జీఎఫ్ అనే ప్రోటీన్ 100 పికోగ్రాములు ఉందనుకుంటే, ఒకదానికి ఇంకొకటి 40 కోట్ల రెట్లు. మాస్ స్పెక్ట్రోమీటరులో (అణువుల బరువు తూచే యంత్రం) పెట్టే ముందు ఆల్బుమిన్‌నీ ఇమ్యునోగ్లోబులిన్లనూ కాలమ్‌తో తీసేసి, మిగిలినదాన్ని ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ముక్కలు చేయిస్తారు. ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తర్వాత కోస్తుంది కాబట్టి ముక్కలు ఎక్కడ తెగుతాయో ముందే తెలుసు. అదే ముక్కను బరువు పెంచిన ఐసోటోపులతో కృత్రిమంగా తయారుచేసి తెలిసిన మోతాదులో కలిపితే, పక్కపక్కన చూసి ఎంతుందో చెప్పొచ్చు. బాగుంది. అయితే కాలమ్‌లో ఆల్బుమిన్‌తో పాటు దాన్ని అంటుకున్న చిన్న ప్రోటీన్లూ పోతాయి. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే హీమోగ్లోబిన్ వరదలా వచ్చి అన్నిటినీ కప్పేస్తుంది.

ఇక ట్యూబు దగ్గరికి వద్దాం. నెల తప్పిన మూడో నెలలో, 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు, చేసే డబుల్ మార్కర్ పరీక్షే తీసుకోండి. పాప్-ఏ, ఫ్రీ బీటా హెచ్‌సీజీ అని రెండు ప్రోటీన్లు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ముప్పు ఎంతో అంచనా వేయడానికి. రక్తంలో హెచ్‌సీజీ ఆల్ఫా, బీటా అనే రెండు ముక్కల జంటగా తిరుగుతుంది. విడిగా తిరిగే బీటా నూటికి ఒక వంతు అటూ ఇటూ. వేడి తగిలితే జంటలు విడిపోతాయి. వందలో ఒక్క జంట విడిపోయినా ఫ్రీ బీటా దాదాపు రెట్టింపు. డౌన్ సిండ్రోమ్ గర్భాల్లో పెరిగేదీ ఫ్రీ బీటాయే. అంటే ఎండలో ఉన్న ట్యూబు, ఏ దోషమూ లేని బిడ్డను హై రిస్క్ గడిలో పడేస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, తెనాలి కలెక్షన్ సెంటర్‌లో పొద్దున తొమ్మిదికి తీసిన రక్తం స్పిన్ చేయకుండా (యంత్రంలో గిర్రున తిప్పి కణాల్ని వేరుచేయకుండా) మోటారు సైకిల్ డిక్కీలో ఎక్కి, మధ్యాహ్నం బెజవాడ చేరి, అక్కడి నుంచి రాత్రి బస్సులో హైదరాబాద్ వెళ్తే ఆ రిపోర్టులో అంకె ఎవరిది? బిడ్డదా, డిక్కీదా?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. జెల్ ఉన్న పసుపు మూత ట్యూబులో తీసి, ఐదారుసార్లు మెల్లగా తలకిందులు చేసి, నిలబెట్టి అరగంట గడ్డకట్టనివ్వాలి. తర్వాత 1,500 నుంచి 2,000 జీ (భూమి ఆకర్షణకు అన్ని రెట్ల బలం) దగ్గర పది నిమిషాలు తిప్పాలి. ఇక్కడో చిన్న పితలాటకం. మన దగ్గర అందరూ మూడు వేల ఆర్పీఎం అని అలవాటుగా తిప్పేస్తారు. రోటర్ మధ్య నుంచి ట్యూబు అడుగుకు 15 సెంటీమీటర్లుంటే ఆ వేగానికి సుమారు 1,500 జీ వస్తుంది, సరిపోతుంది. బల్ల మీద పెట్టుకునే చిన్న యంత్రంలో ఆ దూరం 10 సెంటీమీటర్లే అయితే వెయ్యి జీ దగ్గరే ఆగుతుంది, జెల్ సరిగ్గా అడ్డు కట్టకపోవచ్చు, కణాలు సీరంతోనే ఉండిపోవచ్చు. స్కేలు పెట్టి ఒకసారి కొలుచుకుంటే చాలు. ఆ తర్వాత సీరం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ప్రయాణించాలి. ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాక్‌ని స్పిన్ చేయని ట్యూబుకి ఆనించి పెడితే రక్తం మంచులా బిగుసుకుని కణాలు పగులుతాయి. మధ్యలో అట్టముక్కో గుడ్డో ఉండాలి. ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) ట్యూబులో అసలే వద్దు. పాప్-ఏ జింకు మీద ఆధారపడే ఎంజైమ్. ఈడీటీఏ ఆ జింకును లాగేసుకుంటుంది, అంకె పడిపోతుంది. పాప్-ఏ తగ్గడం కూడా డౌన్ సిండ్రోమ్ వైపే తూకం వేస్తుంది.

రొమ్ము క్యాన్సర్ గడ్డలో హెర్2 ప్రోటీన్ చూసే పరీక్షదీ ఇదే కథ, ట్యూబు బదులు ఫార్మలిన్ సీసా. గడ్డ బయటికొచ్చిన గంటలోపు, దాని పరిమాణానికి పదింతల న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి. కనీసం 6 గంటలు, 72 గంటలు మించకుండా అందులో ఉండాలి. లీటరుకు లెక్క: 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., మోనోబేసిక్ సోడియం ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరులేని డైబేసిక్ 6.5 గ్రాములు. ఆ ఉప్పుల ఖర్చు చూసుకుని కుళాయి నీళ్లు కలిపితే ఫార్మలిన్ పులిసి ఆమ్లంగా మారుతుంది. రొమ్ము మొత్తం తీసినప్పుడు కోయకుండా అలాగే డబ్బాలో పడేస్తే, ఫార్మలిన్ లోపలికి గంటకు మిల్లీమీటరు లెక్కన పాకుతుంటే నడిమి గడ్డ కుళ్లుతుంది. సెంటీమీటరు మందాన చీలికలు పెట్టి మధ్యలో గాజుగుడ్డ దూర్చాలి. భోగి ముందురోజు చేసిన ఆపరేషన్ గడ్డ కనుమ వెళ్లాక ల్యాబ్‌కి చేరితే 72 గంటలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. పది శాతం పైన కణాల్లో పొర చుట్టూ గాఢంగా రంగు పడితే 3+, మందు దొరుకుతుంది. సగం ఉడికిన గడ్డలో రంగు పడక 1+ అని రాస్తే ట్రాస్టుజుమాబ్ అనే ఆ మందు అందాల్సిన మనిషికి అందదు.

యాంటీబాడీలతో ప్రోటీన్ ఎంతుందో కొలిచే ఎలైజా పరీక్ష గురించి కొంచెం. ల్యాబ్‌లో సొంతంగా కట్టాలనుకునే కుర్రాళ్లు ఎక్కువ తడబడేది ఇక్కడే. 96 గుంటల ప్లేటులో ఏడు స్టాండర్డులు (ప్రోటీన్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు), ఒక ఖాళీ, అన్నీ జంటగా వేస్తే 16 గుంటలు పోతాయి. రెండు కంట్రోళ్లు జంటగా 4. మిగిలిన 76లో 38 మంది శాంపిళ్లే పడతాయి. ప్లేటుకు 80 మందిని లాగిస్తానంటే జంటలు వదిలేశారని అర్థం. అంచుల్లో ఉన్న 36 గుంటలు ముందు వేడెక్కుతాయి, ముందు ఆరుతాయి. కరెంటు పోయి ఏసీ ఆగిన పూట ఈ తేడా ఇంకా ఎక్కువ. మూతపట్టీ అంటించి, అన్ని ద్రావణాలూ గది ఉష్ణోగ్రతకు వచ్చాకే మొదలుపెట్టాలి. కిట్ నిజంగా మన సీరంలో పనిచేస్తోందో తెలియాలంటే ఎక్కువ ప్రోటీన్ ఉన్న శాంపిల్‌ని రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు పలుచన చేసి వచ్చిన అంకెల్ని తిరిగి హెచ్చించి చూడాలి. 80 నుంచి 120 శాతం లోపు కలవకపోతే సీరంలో ఏదో అడ్డుపడుతోంది. అండాల నిల్వ అంచనాకు కొలిచే హార్మోన్ ఏఎంహెచ్ జెన్-2 కిట్‌లో సరిగ్గా ఇదే జరిగింది. తాజా సీరంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు కిట్ యాంటీబాడీకి అడ్డుపడి అంకె తక్కువ చూపిస్తోందని 2013లో హెచ్చరిక వచ్చింది, ముందుగా పలుచన చేసే పద్ధతికి మారారు. ఆ లోపు అండాలు తక్కువున్నాయని విని ఐవీఎఫ్ ఫీజు కట్టినవాళ్లు ఎంతమందో!

జుట్టు రాలుతోందని వేసుకునే బయోటిన్ మాత్ర ఇంకో దొంగ. రోజుకు మనిషికి కావలసింది 30 మైక్రోగ్రాములు. మెడికల్ షాపులో దొరికే 10 మిల్లీగ్రాముల మాత్రలో అంతకు 333 రెట్లు. చాలా యంత్రాల్లో యాంటీబాడీని పట్టుకునే కొక్కెం బయోటినే. రక్తంలోని బయోటిన్ ఆ కొక్కేలను ఆక్రమిస్తే టీఎస్‌హెచ్ తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా వస్తాయి, లేని హైపర్‌థైరాయిడ్ కనిపిస్తుంది. పీసీఓఎస్ ఉన్న అమ్మాయిల్లో ఈ మాత్ర వేసుకునేవాళ్లు తక్కువేం కాదు. రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపమని కౌంటర్ దగ్గరే చెప్పాలి. కొన్ని కంపెనీలు రసాయనాలు మార్చుకుని దీన్ని దాటాయి, మీ యంత్రం వాటిలో ఉందో లేదో కిట్ లోపలి కాగితంలో ఉంటుంది.

ఎండోమెట్రియోసిస్ సంగతి రెండు ముక్కల్లో: నమ్మదగిన రక్తపరీక్ష లేదు. యూరప్ సంఘం ఈఎస్‌హెచ్ఆర్ఈ 2022 మార్గదర్శకాల్లో బయోమార్కర్లతో నిర్ధారించొద్దనే రాసింది. ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి.

ఇంత తిట్టాక బాగా కట్టిన పరీక్ష ఒకటి చూపించకపోతే అన్యాయం. గర్భిణికి ఇరవై వారాల తర్వాత బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయి, ముదిరితే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనే మూర్ఛల దాకా తీసుకెళ్లే ప్రీఎక్లాంప్సియా. మాయ సరిగ్గా నాటుకోకపోతే అది ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్‌ని ఎక్కువగా వదులుతుందని, అది రక్తనాళాలకు మేలుచేసే పీఎల్‌జీఎఫ్‌ని పట్టేసుకుంటుందని 2003 నాటికి తేలింది. కొలిచేవాళ్లు రెంటి నిష్పత్తి తీశారు. అంతకన్నా తెలివైన పని ప్రశ్నను చిన్నది చేయడం. ఈమెకు ఎప్పటికైనా వస్తుందా అని అడగలేదు. అనుమానం ఉన్న ఈమెకు ఈ వారంలో వస్తుందా అని అడిగారు. 2016లో వచ్చిన ఫలితం: నిష్పత్తి 38 కానీ అంతకన్నా తక్కువ కానీ ఉంటే వారంలోపు జబ్బు రాదని 99.3 శాతం ధీమా. 38 దాటితే నాలుగు వారాల్లో వచ్చేది 36.7 శాతం మందికే. రెండో అంకె చూసి పెదవి విరిచేవాళ్లుంటారు. ఈ పరీక్ష పని ఇంటికి పంపించడం. అవనిగడ్డ నుంచి కాళ్లవాపుతో, 140/90 బీపీతో వచ్చిన ఎనిమిదో నెల గర్భిణిని విజయవాడ పెద్దాసుపత్రిలో వారం రోజులు పడుకోబెట్టాలా, పుట్టింటికి పంపి వారం తర్వాత రమ్మనాలా అన్న ప్రశ్నకు జవాబు ఇది. మంచం ఖాళీ అవుతుంది, తోడొచ్చిన తల్లికి వారం కూలి మిగులుతుంది.

దీనికీ మెలికలున్నాయి. 38 అనేది ఒక కంపెనీ యంత్రం మీద కట్టిన గీత. 2023లో అమెరికాలో అనుమతి పొందిన ఇంకో కంపెనీ యంత్రానికి గీత 40, ప్రశ్న వేరు: ఆసుపత్రిలో చేరిన బీపీ గర్భిణికి రెండు వారాల్లో తీవ్రరూపం వస్తుందా అని. ఒక యంత్రం గీతను ఇంకో యంత్రం అంకెకు పెట్టకూడదు.

నన్నడిగితే విజయవాడ, గుంటూరు చేయాల్సిన పని ఇక్కడుంది. గుంటూరు జీజీహెచ్, విజయవాడ జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్, మూడూ గంట దూరంలోపే. కాన్పులకు కొదవ లేదు. డబుల్ మార్కర్‌కీ పీఎల్‌జీఎఫ్‌కీ సాఫ్ట్‌వేర్ వాడే మీడియన్లు (మధ్య విలువలు) మన ఆడవాళ్లవి కాకపోతే, 45 కిలోల గర్భిణి అంకెను 65 కిలోల గర్భిణుల లెక్కతో తూకం వేసినట్టే. బరువు సరిచేసే సూత్రం ఉన్నా అది కూడా అక్కడి డేటాతో కట్టిందే. గర్భం వారానికి 50 నుంచి 100 మంది చొప్పున, సీఆర్ఎల్ (బిడ్డ తల నుంచి పిరుదుల దాకా పొడవు) కొలిచిన స్కాన్‌తో వారాలు ఖాయం చేసుకుని సొంత మీడియన్ కట్టుకోవచ్చు. అంత ఓపిక లేకపోతే కనీసం నెలకోసారి చివరి రెండొందల రిపోర్టుల మీడియన్ ఎంఓఎం (ఒక్కొక్కరి అంకె ఆ వారం మీడియన్‌కి ఎన్ని రెట్లో) తీసి చూడండి. 0.9కీ 1.1కీ మధ్య లేదంటే లెక్కో శాంపిలో తప్పింది. మే నెలలో ఫ్రీ బీటా 1.2, డిసెంబరులో 1.0 వస్తే తప్పు ఎక్కడుందో వేరే చెప్పాలా? మామూలు రిఫరెన్స్ రేంజికి సొంతంగా కట్టాలంటే 120 మంది కావాలి. కంపెనీ ఇచ్చింది మనకు పనికొస్తుందో లేదో చూసుకోవడానికి 20 మంది చాలు, ఇద్దరికి మించి బయటపడకూడదు. ఇరవై మంది ఏ నర్సింగ్ కాలేజీలోనైనా ఒక్క పూటలో దొరుకుతారు.

దీనికి పెద్ద గ్రాంటులూ అక్కర్లేదు. శాంపిల్‌తో పాటు వెళ్లే కాగితంలో ఐదు గడులు కావాలి: రక్తం తీసిన సమయం, స్పిన్ చేసిన సమయం, ఆ రోజు తూచిన బరువు, స్కాన్ తేదీతో సీఆర్ఎల్ మిల్లీమీటర్లలో, బయోటిన్ వాడకం. బరువు గడిలో అందరికీ 60 అని రాసి పంపే కలెక్షన్ సెంటర్‌కి తూకం మిషన్ కొనిపెట్టాలి. ఏ గడైనా ఖాళీగా వచ్చిన ట్యూబును స్పిన్ అయి ఉంటే ఫ్రిజ్‌లో పక్కన పెట్టి, ఫోన్ చేసి అడిగాకే యంత్రం ఎక్కించాలి. పొద్దున తీసి, స్పిన్ కాకుండా మధ్యాహ్నం రెండింటికి దిగిన ట్యూబు డబుల్ మార్కర్‌కి పనికిరాదు, మళ్లీ తీయించాలి.